ఎల్‌డీఎల్ 150 వచ్చింది: మాత్రా, పథ్యమా, ఇంకో టెస్టా?

ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టు వాట్సాప్‌లో దిగుతుంది. నాలుగో పేజీలో ఒక అంకె మాత్రం బొద్దుగా అచ్చయి ఉంటుంది. వయసు 46. మొత్తం కొలెస్ట్రాల్ 228, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 210, ఎల్‌డీఎల్ 150. మనిషికి ఏ బాధా లేదు. మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తుంది కానీ అది పొట్ట వల్లేనని ఆయన నమ్మకం.

ఇక సలహాలు మొదలవుతాయి. డాక్టరు రెండు నిమిషాల్లో మాత్ర రాసేస్తారు. ఆఫీసులో పక్క సీటాయన "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే, జాగ్రత్త" అంటాడు. బావగారు పరగడుపున వెల్లుల్లి రెబ్బలు నమలమంటూ వీడియో పంపిస్తారు. ఇంట్లో నెయ్యి డబ్బా పైఅరలోకి వెళ్లిపోతుంది. నెల తిరిగేసరికి రిపోర్టు బీరువాలో పాలసీ కాగితాల కింద చేరుతుంది, నెయ్యి డబ్బా కిందికి దిగుతుంది. నాకు తెలిసిన మగవాళ్లలో ఎక్కువమంది ఎంచుకునే దారి ఇదే. దీన్ని ఎంచుకున్నామని కూడా వాళ్లకు తెలియదు.

ఈ పోలిక 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఇంతవరకు గుండెపోటు, పక్షవాతం, స్టెంట్ లాంటివి ఏవీ లేనివాళ్ల కోసం. అవి వచ్చినవాళ్లు ఎంచుకోవడానికి ఏమీ లేదు, డాక్టరు రాసిన మందు మానకూడదు. నడిచినప్పుడు ఛాతీలో బరువుగా పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది కొలెస్ట్రాల్ టెస్టుతో తేలే విషయం కాదు. గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే గుండె డాక్టరును కలవండి.

ముందు రిపోర్టు చదవడం నేర్చుకుందాం

మొత్తం కొలెస్ట్రాల్ అంకెను వదిలేయండి. అందులో మంచి (హెచ్‌డీఎల్), చెడు (ఎల్‌డీఎల్) రెండూ కలిసి ఉంటాయి.

ఎల్‌డీఎల్ అంటే కొలెస్ట్రాల్‌ను మోసుకుంటూ రక్తంలో తిరిగే రేణువుల్లో ఒక రకం. ఇవి రక్తనాళం గోడలోకి దూరి అక్కడే ఉండిపోతాయి, ఏళ్ల తరబడి పేరుకుని పూడికగా మారతాయి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగడతాయి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు) ఐదో వంతు కూడా తీసేస్తే వచ్చేదే ఆ అంకె. మన ఉదాహరణలో 228లోంచి 36, 42 పోతే 150. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించుకోవాలి.

మనవాళ్లకు ఇంతకంటే నమ్మకమైన అంకె ఒకటుంది. అది నాన్-హెచ్‌డీఎల్: మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే చాలు. ఇక్కడ 192. హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, పొట్ట ముందుకు, ఇది మన దేశంలో మామూలుగా కనిపించే వాలకం. ఇలాంటివాళ్లలో ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే అసలు ప్రమాదం తక్కువగా కనిపిస్తుంది. నాన్-హెచ్‌డీఎల్ హద్దు ఎల్‌డీఎల్ హద్దుకు 30 ఎక్కువ అని గుర్తుపెట్టుకోండి.

హెచ్‌డీఎల్ 36 చూసి దాన్ని ఎలా పెంచాలా అని చాలామంది టెన్షన్ పడతారు. పడకండి. హెచ్‌డీఎల్‌ను పెంచే మందుల్లో ఎక్కువ భాగం అంకెను పెంచాయి గానీ గుండెపోట్లను తగ్గించలేకపోయాయి. టార్సెట్రాపిబ్ అనే మందును 2006లో మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే అది వాడినవాళ్లలో చావులు పెరిగాయి. నియాసిన్ అనే ఇంకో మందు మీద పెట్టుకున్న ఆశలు కూడా తర్వాతి పరీక్షల్లో వమ్మయ్యాయి. హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటాన్ని పొట్ట తగ్గించుకోమనే హెచ్చరికగా తీసుకుంటే చాలు.

ఒక్క రిపోర్టు చూసి ఏదీ తేల్చకండి. ముందురోజు రాత్రి పార్టీ అయితే ట్రైగ్లిజరైడ్లు ఆకాశంలో ఉంటాయి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో అంకెలు తారుమారవుతాయి. థైరాయిడ్ మందకొడిగా ఉంటే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అప్పుడు వైద్యం చేయాల్సింది థైరాయిడ్‌కు. కాబట్టి రెండో టెస్టుతోపాటు థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్), మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ), కిడ్నీ పరీక్ష (క్రియాటినిన్), లివర్ ఎంజైములు కూడా చేయించండి. పరగడుపు తప్పనిసరి కాదని మన కార్డియాలజిస్టుల సంఘం 2024 మార్గదర్శకాలు చెప్పాయి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తే మాత్రం పరగడుపున మళ్లీ చేయించాలి.

లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవాళ్లకు రిపోర్టులో 3.9 లాంటి చిన్న అంకెలు కనిపిస్తాయి. అక్కడి యూనిట్ వేరు. కొలెస్ట్రాల్ అంకెల్ని సుమారు 39తో, ట్రైగ్లిజరైడ్లను సుమారు 89తో గుణిస్తే ఇక్కడి అంకె వస్తుంది.

అంకె ఒక్కటే కాదు, ఎన్నేళ్లుగా అన్నది కూడా

డాలస్‌కు చెందిన పరిశోధకులు హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ 2006లో ఒక విషయం బయటపెట్టారు. కొందరికి పుట్టుకతోనే పీసీఎస్‌కే9 అనే జన్యువులో ఒక మార్పు ఉండి, ఎల్‌డీఎల్ జీవితమంతా తక్కువగా ఉంటుంది. వాళ్లు చూసిన నల్లజాతి అమెరికన్లలో ఈ మార్పు ఉన్నవాళ్ల ఎల్‌డీఎల్ మిగతావాళ్ల కంటే 28 శాతం తక్కువ. గుండె రక్తనాళాల జబ్బు మాత్రం 88 శాతం తక్కువ. నడివయసులో మందుతో ఎల్‌డీఎల్‌ను 39 పాయింట్లు తగ్గిస్తే ఐదేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 22 శాతం తగ్గుతాయి. రెండు లెక్కలకూ మధ్య ఉన్న తేడా చాలావరకు కాలానిదే. 150 అనే అంకె 46వ ఏట మొదలైంది కాదు, బహుశా పదిహేనేళ్లుగా ఉంది. ఇంకో పదేళ్లు ఉంటుందా లేదా అన్నదే ఇప్పుడు మన చేతిలో ఉన్నది.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వచ్చింది. మిగతా దేశాల వాళ్లకు 59. అంటే "అరవై వచ్చాక చూద్దాంలే" అనే మాట మనవాళ్లకు ఏడేళ్లు ఆలస్యం.

ఎంచుకునే ముందు ఐదు ప్రశ్నలు

మాత్ర మంచిదా పథ్యం మంచిదా అని ఊరికే అడిగితే జవాబు ఉండదు. కింది ఐదింటికి మీ జవాబులు తెలిస్తే దారి సగం తేలిపోతుంది.

ఎల్‌డీఎల్ 190 దాటిందా? షుగర్, బీపీ, సిగరెట్ వీటిలో ఏవైనా ఉన్నాయా? తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చిందా? మీరు తినేది ఎవరు వండుతారు? రోజూ ఒక మాత్ర, పదేళ్లపాటు, మర్చిపోకుండా వేసుకునే మనిషేనా మీరు?

చివరి రెండు ప్రశ్నలు మార్గదర్శకాల్లో పెద్దగా కనిపించవు. కానీ చాలా నిర్ణయాలు తప్పేది అక్కడే. హాస్టల్ మెస్‌లోనో కర్రీ పాయింట్‌లోనో తినేవాడికి "నూనె తగ్గించు" అని చెప్పి ఏం లాభం? అలాగే నెలలో సగం రోజులు టూర్లలో ఉండి బీపీ మాత్రే మరచిపోయే ఆయన చేతిలో ఇంకో మాత్ర పెడితే స్ట్రిప్పు సూట్‌కేసులోనే ఉంటుంది.

ఎంతకు తగ్గాలి అన్నదానికి కార్డియాలజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో హద్దులు పెట్టింది. రిస్కు తక్కువున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు. షుగర్, బీపీ లాంటివి ఉండి రిస్కు ఎక్కువున్నవాళ్లకు 70 లోపు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు 55 లోపు. ల్యాబు రిపోర్టు పక్కన అచ్చువేసే "నార్మల్ 130 లోపు" అనే మాట అందరినీ ఒకే గాటన కడుతుంది. మీ హద్దు ఏదో డాక్టరును అడిగి రిపోర్టు మీదే పెన్నుతో రాసుకోండి.

దారులన్నీ ఒక్కచోట

| దారి | ఎల్‌డీఎల్ ఎంత తగ్గవచ్చు | మన 150 ఎంతవుతుంది | ఎక్కడ తేడా కొడుతుంది |
|---|---|---|---|
| తిండి, నడక | గట్టిగా చేస్తే 10–15 శాతం | 130 దగ్గర | రెండో నెల నుంచి పట్టు సడలుతుంది |
| మాత్ర (స్టాటిన్), మామూలు డోసు | 35–45 శాతం | 82–98 | కొందరికి కండరాల నొప్పి. షుగర్ కొద్దిగా పెరగొచ్చు |
| స్టాటిన్ + ఎజెటిమైబ్ | 50 శాతం, ఆపైన | 75 లోపు | రెండో మందు తోడవుతుంది |
| ఇంకో టెస్టు (కాల్షియం స్కోర్ వగైరా) | తగ్గదు | 150 | ఫలితం వచ్చాక కూడా ఏమీ చేయకపోవడం |
| వెల్లుల్లి, దాల్చిన చెక్క, చేపనూనె గోళీలు | దాదాపు లేదు | 150 దగ్గరే | చికిత్స చేస్తున్నామన్న భ్రమ |

తిండి, నడక

టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఒక ఆహార పద్ధతిని పరీక్షించింది. ఓట్స్, బార్లీ, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ కలిపిన మార్జరిన్, వాటితోపాటు మన బెండకాయ, వంకాయ. తిండి అంతా వాళ్లే ఇచ్చి, కొలిచి పెట్టినప్పుడు నెల రోజుల్లో ఎల్‌డీఎల్ దాదాపు 29 శాతం తగ్గింది. ఇది ఒక పాత స్టాటిన్ చిన్న డోసుతో సమానం. తర్వాత అదే పద్ధతిని సలహాగా చెప్పి జనాన్ని ఇళ్లకు పంపి ఆరు నెలలు చూస్తే తగ్గింది 13 శాతం చొప్పున. పథ్యం పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు నేను ఈ రెండు అంకెలూ చెబుతాను. పనిచేస్తుంది. మన ఇంట్లో, మన పెళ్లిళ్లలో, మన ఆఫీసు క్యాంటీన్లో అది సగం పనే చేస్తుంది.

మన వంటింట్లో ఎల్‌డీఎల్‌ను పెంచేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు. కొబ్బరినూనెలో అది 90 శాతం వరకు ఉంటుంది, నెయ్యిలో 60 పైన, పామాయిల్‌లో సగం. వేరుశనగ నూనెలో ఐదో వంతుకు లోపే, పొద్దుతిరుగుడులో ఇంకా తక్కువ. అందుకే ముద్దపప్పులో చెంచాడు నెయ్యి గురించి ఇంట్లో జరిగే గొడవ నాకు అర్థం కాదు. అదే ఇంట్లో సాయంత్రం మిర్చి బజ్జీ, ఆదివారం బయటి బిర్యానీ, బేకరీ పఫ్ గురించి ఎవరూ మాట్లాడరు. బయటి తిండిలో ఏ నూనె పోశారో, ఎన్నిసార్లు మరిగించారో మనకు తెలియదు. ఇంట్లో నెయ్యిని కొలిచి వేసుకోవచ్చు.

గుడ్డు పచ్చసొన తీసి పారేసే అలవాటు కూడా ఇలాంటిదే. తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువ పెంచుతుంది. షుగర్ లేనివాళ్లు రోజుకొక గుడ్డు మొత్తంగా తినొచ్చు. దాన్ని ఎందులో వేయించారో చూసుకోండి.

మన రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు 210 ఉన్నాయి కదా, వాటికి కారణం వేరు. తెల్లన్నం, పంచదార, మద్యం, పొట్ట. మూడుపూటలా అన్నమో ఇడ్లీ దోసెలో తింటూ "నేను నూనె ముట్టను, మరి ట్రైగ్లిజరైడ్లు ఎందుకు పెరిగాయి" అని అడిగే శాకాహారులు చాలామంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజు మొత్తం క్యాలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. మన కంచంలో అది ఎంత దాటుతుందో కంచం చూస్తేనే తెలుస్తుంది. అన్నం సగానికి తగ్గించి, ఆ చోట పప్పు, శనగలు, కూర పెంచితే ట్రైగ్లిజరైడ్లు కొన్ని వారాల్లోనే దిగుతాయి. అన్నం మానేసి నాలుగు జొన్నరొట్టెలు తింటే పెద్దగా మారేదేమీ ఉండదు. రొట్టె కూడా ధాన్యమే.

నడక ఎల్‌డీఎల్‌ను పెద్దగా దించదు. చాలామంది రోజూ గంట నడిచి, మూడు నెలల తర్వాత అంకె 150 నుంచి 145 అయిందని చూసి నిరాశపడి మానేస్తారు. నడక వల్ల వచ్చేది వేరే: బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు, పొట్ట, నిద్ర. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి. పార్కు బెంచీ మీద రాజకీయాలు మాట్లాడే సమయం ఇందులోకి రాదు.

ఈ దారి ఎంచుకుంటే మూడు నెలల తర్వాతి టెస్టు తేదీని ఈరోజే ఫోన్లో పెట్టుకోండి. తేదీ లేని పథ్యానికీ బీరువాలోని రిపోర్టుకూ తేడా లేదు.

మాత్ర

స్టాటిన్ కథ జపాన్‌లో ఒక బూజుతో మొదలైంది. అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో వేల రకాల బూజుల్ని వెతికి, కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థాన్ని ఒక పెనిసిలియం బూజులో కనుక్కున్నారు. ఆ తరగతిలో మొదటి మందు లోవాస్టాటిన్‌కు అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది. ఇప్పుడు మనకు ఎక్కువగా రాసేవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. రెండూ జెనరిక్‌గా దొరుకుతాయి, జన్ ఔషధి దుకాణంలో అయితే నెల ఖర్చు ఒక బయటి టిఫిన్ కంటే పెద్దగా ఉండదు.

నడివయసు మగవాళ్ల విషయంలో మాత్ర ఎంత పనిచేస్తుందో తెలియాలంటే స్కాట్లండ్‌లో చేసిన పరీక్ష చూడాలి. 1995లో ఫలితాలొచ్చాయి. ఇంతవరకు గుండెపోటు రాని 45–64 ఏళ్ల మగవాళ్లు 6,595 మంది. సగం మందికి ప్రవాస్టాటిన్ అనే స్టాటిన్, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. దాదాపు ఐదేళ్లలో గుండెపోటు రావడమో, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోవడమో ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 7.9 శాతం, మందు వాళ్లలో 5.5 శాతం. దీన్ని "31 శాతం తగ్గింది" అని చెప్పొచ్చు. "40 మందికి పైగా ఐదేళ్లు మింగితే ఒక్కరికి తప్పింది" అనీ చెప్పొచ్చు. రెండూ నిజమే. మందు అమ్మేవాళ్లు మొదటిది చెబుతారు, మందును తిట్టేవాళ్లు రెండోది చెబుతారు. అక్కడి మగవాళ్ల సగటు ఎల్‌డీఎల్ 190 దగ్గర, వాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు 44 శాతం. మీకు ఇంకే రిస్కూ లేకపోతే ఐదేళ్లలో మీకు దక్కే లాభం దీనికంటే తక్కువ, షుగర్ ఉంటే తేలిగ్గా దీన్ని దాటవచ్చు. ఆ స్కాట్లండ్ వాళ్లను 20 ఏళ్ల తర్వాత చూసినా, మొదటి ఐదేళ్లు మందు వాడినవాళ్లలో గుండె జబ్బు చావులు తక్కువగానే ఉన్నాయి.

కండరాల నొప్పుల విషయంలో 2020లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక చిన్న పరీక్ష ఆసక్తిగా ఉంటుంది. నొప్పుల లాంటి బాధల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీ. నెలకొక సీసా. ఖాళీ నెలల్లో బాధ తక్కువ. స్టాటిన్ నెలల్లో ఎక్కువ. ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ దాదాపు అంతే ఎక్కువ! స్టాటిన్ వల్ల అనుకున్న బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధం అని దీని అర్థం కాదు, వాళ్లకు నిజంగానే నొప్పి పుట్టింది. భయంతో మింగితే ఏ మాత్రయినా నొప్పి పుట్టించగలదు. తమ ఫలితం చూసుకున్నాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. అరుదుగా నిజమైన కండరాల దెబ్బ కూడా ఉంటుంది. రెండు తొడలూ బలహీనపడి, మూత్రం ముదురు రంగులో వస్తే మందు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

షుగర్ భయం పూర్తిగా ఉత్తిది కాదు. 255 మంది నాలుగేళ్లు వాడితే ఒకరికి అదనంగా షుగర్ వస్తుందని 2010 నాటి ఒక పెద్ద విశ్లేషణ లెక్కగట్టింది. వచ్చేవాళ్లు చాలావరకు అప్పటికే షుగర్ అంచు దాకా వచ్చి గట్టు మీద ఉన్నవాళ్లు. మనవాళ్లలో గట్టు మీద ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి దీన్ని దాచిపెట్టకూడదు. షుగర్ వచ్చినవాళ్లకు గుండె రిస్కు ఎలాగూ ఎక్కువే, వాళ్లకే స్టాటిన్ అవసరం ఎక్కువ అన్నది ఇంకో వైపు.

రోసువాస్టాటిన్ రాస్తే ఒక మాట గుర్తుంచుకోండి. ఆసియా వాళ్ల రక్తంలో ఈ మందు మోతాదు ఎక్కువగా కనిపిస్తుందని, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా లేబుల్ మీదే ఉంటుంది. డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే. కాబట్టి 5 లేదా 10తో హద్దు చేరకపోతే డోసు పెంచుకుంటూ పోయే కన్నా ఎజెటిమైబ్ కలపడం మేలు. అది పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపి, ఇంకో 20 శాతం దాకా తగ్గిస్తుంది.

"జీవితాంతం వేసుకోవాలట" అనే మాటకు నా జవాబు: అవును, దాదాపు అంతే. కళ్లద్దాలు కూడా అంతే. మానేస్తే ప్రమాదకరమైన దెబ్బేమీ ఉండదు, ఎల్‌డీఎల్ కొన్ని వారాల్లో పాత అంకెకు వెళుతుంది.

ఇంకొకటి. స్టాటిన్, ఆస్పిరిన్ కలిపిన గోళీలు మన దగ్గర బాగా రాస్తారు. ఇంతవరకు గుండె జబ్బు లేనివాళ్లకు ఆస్పిరిన్ వల్ల లాభం, రక్తస్రావపు నష్టం దాదాపు సరిసమానమని 2018లో వచ్చిన మూడు పెద్ద పరీక్షలు తేల్చాయి. మీ స్ట్రిప్పు వెనక ఆస్పిరిన్ పేరు ఉంటే ఎందుకని అడగండి. స్టెంట్ ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా మానకండి.

ఇంకో టెస్టు

ఇది అటూ ఇటూ ఊగుతున్నవాళ్లకు. తేలిపోయినవాళ్లకు డబ్బు దండగ.

కాల్షియం స్కోర్ అంటే రంగు మందు ఎక్కించకుండా తీసే సీటీ స్కాన్. గుండె రక్తనాళాల్లో గట్టిపడిన పూడిక ఎంతుందో అంకెలో చెబుతుంది. సున్నా వచ్చి, షుగర్, సిగరెట్, కుటుంబంలో గుండెపోటు లేకపోతే మాత్రను కొన్నేళ్లు వాయిదా వేయొచ్చు. 100 దాటితే ఇక ఊగిసలాట అనవసరం. మధ్యలో వస్తే మాత్ర వైపే మొగ్గండి. ఒక లోపం ఉంది: మెత్తని పూడిక ఇందులో కనిపించదు. 40–45 ఏళ్ల మనిషికి సున్నా వస్తే దాన్ని పూర్తి అభయంగా తీసుకోకూడదు. స్టాటిన్ ఇప్పటికే వాడుతున్నవాళ్లకు ఈ స్కోర్ వల్ల పెద్ద ఉపయోగం లేదు.

హెల్త్ ప్యాకేజీల్లో ఉండే ట్రెడ్‌మిల్ టెస్టు (టీఎంటీ) వేరే సంగతి. రక్తం పారడానికి అడ్డుపడేంత పెద్ద బ్లాకుల్నే అది పట్టుకుంటుంది. చాలా గుండెపోట్లు దారిని సగం కూడా మూయని పూడిక చిట్లడం వల్ల వస్తాయి. టీఎంటీ నెగెటివ్ అని బిర్యానీ పార్టీ ఇచ్చినవాళ్లు నాకు తెలుసు.

నన్నడిగితే జీవితంలో ఒక్కసారి తప్పకుండా చేయించుకోవాల్సింది లైపోప్రొటీన్(ఎ) రక్తపరీక్ష. అది జన్యువుల్ని బట్టి ఉంటుంది, తిండితో మారదు. ఎంజీ/డీఎల్ లెక్కలో 50 దాటితే రిస్కు ఎక్కువ. మన దేశంలో సుమారు నలుగురిలో ఒకరికి అలా ఉంటుంది. ఏ దురలవాటూ లేని సన్నటి మనిషికి 48కే గుండెపోటు వచ్చిందంటే, దాని వెనక కొన్నిసార్లు ఉండేది ఇదే. ఇది ఎక్కువ వస్తే ఎల్‌డీఎల్‌ను ఇంకా గట్టిగా దించాలి.

వెల్లుల్లి వగైరా

తక్కువలో ముగిస్తాను. 2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు చేపనూనె, దాల్చిన చెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్ గోళీల్ని 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్‌తో పోల్చారు. 28 రోజుల్లో రోసువాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 38 శాతం దించింది. గోళీల్లో ఒక్కటి కూడా ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. వెల్లుల్లి కారప్పొడి బాగుంటుంది, దాన్ని దోసెతో తినండి.

మీరు వీరిలో ఎవరు?

42 ఏళ్లు, ఎల్‌డీఎల్ 135, షుగర్, బీపీ, సిగరెట్ లేవు, ఇంట్లో ఎవరికీ గుండెజబ్బు లేదు. మీకు తిండి దారే ముందు. మూడు నెలల తేదీ, లైపోప్రొటీన్(ఎ) ఒకసారి. మాత్ర తొందర లేదు.

47 ఏళ్లు, షుగర్ ఉంది, ఎల్‌డీఎల్ 110. "నార్మలే కదా" అని ల్యాబు చెప్పిన మాట మీకు వర్తించదు, మీ హద్దు 70. మాత్ర ఇప్పుడే, తిండి దానితోపాటు. స్కాన్ అక్కర్లేదు.

ఎల్‌డీఎల్ 190 పైన. ఇది పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. పథ్యంతో హద్దు చేరరు. మాత్ర మొదలుపెట్టి, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల, పిల్లల రక్తం కూడా పరీక్ష చేయించండి. ఇంజెక్షన్ల అవసరం పడేది ఎక్కువగా ఈ గుంపులోనే. వాటిలో ఒకటైన ఇన్‌క్లిసిరాన్ మొదటి రెండు డోసుల తర్వాత ఏడాదికి రెండుసార్లు వేసుకుంటే ఎల్‌డీఎల్ సగానికి దిగుతుంది, కానీ ఖరీదు మామూలు జీతగాడికి అందేది కాదు.

ట్రైగ్లిజరైడ్లు 500 పైన. మీకు ముందున్న ప్రమాదం క్లోమం వాపు. మద్యం పూర్తిగా ఆపాలి, పంచదార ఆపాలి, డాక్టరును ఈ వారమే కలవాలి.

సిగరెట్ తాగేవాళ్లు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటూ సిగరెట్ కొనసాగించడం కంటే, మాత్ర లేకుండా సిగరెట్ మానడం వల్లే ఎక్కువ లాభం రావచ్చు. రెండూ చేయండి.

ఇక మనం మొదలుపెట్టిన 46 ఏళ్ల మనిషి. ఎల్‌డీఎల్ 150, నాన్-హెచ్‌డీఎల్ 192, పొట్ట. ఆయనే నిజంగా ఊగిసలాటలో ఉన్న మనిషి. తండ్రికి 52కే గుండెపోటు వచ్చి ఉంటే నేను మాత్ర అంటాను. లేకపోతే షుగర్ పరీక్ష, లైపోప్రొటీన్(ఎ), మూడు నెలల గట్టి పథ్యం, రెండో టెస్టు. అప్పటికీ నాన్-హెచ్‌డీఎల్ 160 పైన ఉంటే కాల్షియం స్కోర్, లేదా ఆ ఖర్చు కూడా ఎందుకనుకుంటే నేరుగా చిన్న డోసు మాత్ర.

మాత్ర మొదలుపెడితే ఆరు నుంచి పన్నెండు వారాల్లో మళ్లీ టెస్టు, వీలైతే అదే ల్యాబులో. ఎల్‌డీఎల్ 85 వస్తుంది. అప్పుడు ఇంట్లో అందరూ ఒకే మాటంటారు: "నార్మల్ వచ్చేసింది కదా, ఇంకెందుకు మాత్ర?" ఆ 85 మాత్ర వేసుకుంటున్నందుకు వచ్చిన అంకె. ఆపితే రెండు నెలల్లో 150 మళ్లీ అదే ల్యాబులో, అదే నాలుగో పేజీలో, బొద్దుగా అచ్చయి కనిపిస్తుంది.